పాతిక మంది బంధువులు, ఒక సరస్సు, 8 నెలల పాప: వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మా పాపకి 8 నెలలు, బరువు ఏడున్నర కిలోలు. ఈమధ్యే పాకడం మొదలుపెట్టింది. వచ్చే నెలలో మావారి తరఫు వాళ్లంతా, అంటే అత్తయ్యగారు, మామయ్యగారు, బావగారి కుటుంబం, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, చిన్నత్తయ్యగారి వాళ్లు, మొత్తం పాతిక మంది దాకా కొండల్లో ఒక సరస్సు పక్కన నాలుగు రాత్రులు కలిసి ఉందామని ఇళ్లు బుక్ చేశారు. అక్కడి ఎత్తు 2,400 మీటర్లట. మేముండేది మైదానంలో, కారులో ఏడెనిమిది గంటల ప్రయాణం. పాపని నాలుగు రాత్రులూ తన పక్కనే పడుకోబెట్టుకుంటానని అత్తయ్యగారు ఇప్పటినుంచే అంటున్నారు. బావగారేమో పాపని పడవలో కూర్చోబెట్టి ఫోటో తీయాలంటున్నారు. నాకు చలి, నీళ్లు, కొత్త మనుషులు, అన్నీ టెన్షనే. "అంతమంది ఉన్నాం, ఒక్క పిల్లని చూసుకోలేమా" అంటారు మావారు. మానేస్తే అందరూ బాధపడతారు. వెళ్తే నాకు నాలుగు రోజులూ కంటిమీద కునుకు ఉండదు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడతాను. నెలలు నిండి పుట్టి, గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులేమీ లేకుండా ఆరోగ్యంగా ఉన్న పాపైతే 8 నెలల వయసులో ఆ ఎత్తుకి తీసుకెళ్లకూడదని లేదు. చలికి బట్టలు వేయొచ్చు, ఎండకి నీడ చూడొచ్చు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది కొండ గురించి కాదు, మీవారు అన్న మాట గురించి. "అంతమంది ఉన్నాం, ఒక్క పిల్లని చూసుకోలేమా." ఆయన ప్రేమగానే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఇంటినిండా జనం ఉన్నప్పుడే పసిపిల్లలు ఎవరి కంటా పడకుండా పోతారు.

ఎలాగో చెప్తాను. సాయంత్రం, సరస్సు గట్టున అందరూ కూర్చుని టీ తాగుతున్నారు. పాప చాప మీద ఆడుకుంటోంది. ఆడపడుచు పక్కనే ఉంది కదా అని మీరు స్వెటర్ తేవడానికి లోపలికి వెళ్తూ "కాస్త చూస్తుండండి" అన్నారు, ఎవరినీ పేరు పెట్టి అనలేదు. ఇంతలో ఆడపడుచు కొడుకు రాళ్లమీదకి ఎక్కుతుంటే ఆవిడ లేచి అటు వెళ్లింది, అమ్మ ఉంది కదా అనుకుంది. అత్తయ్యగారు చిన్నత్తయ్యగారితో పాత ముచ్చట్లలో పడి, కోడలు అక్కడే ఉందనుకున్నారు. మీవారు వాళ్ల అన్నయ్యతో కలిసి వెనక పొయ్యి రాజేస్తున్నారు. ఇందులో నిర్లక్ష్యం ఎవరిదీ కాదు, అందరూ పాపంటే ప్రాణం పెట్టేవాళ్లే, అయినా ఆ రెండు నిమిషాలు పాపని ఎవరూ చూడలేదు. నీళ్లు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. పాకడం వచ్చిన పిల్లకి ఇరవై అడుగులు ఒక లెక్కా?

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఆ నాలుగు రోజుల్లో పాప నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ నిమిషంలో అడిగినా "పాప ఎవరి దగ్గరుంది" అన్న ప్రశ్నకి ఒక్క పేరే జవాబుగా రావాలి. "అక్కడే ఉంది", "వాళ్లు చూస్తున్నారు" లాంటివి జవాబులు కావు. దీనికి ఒక ఎర్ర తువ్వాలు కొనండి, దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడేది. ఎవరి భుజం మీద ఆ తువ్వాలు ఉంటే పాప బాధ్యత వాళ్లది. తువ్వాలు ఇచ్చేటప్పుడు పేరు పెట్టి పిలిచి ఇవ్వాలి, తీసుకునేవాళ్లు "పాప ఇప్పుడు నా దగ్గర" అని పైకి అనాలి. అది భుజాన ఉన్నంతసేపు ఫోన్ చూడకూడదు, పేకాటకి కూర్చోకూడదు, మందు ముట్టకూడదు, లేవాల్సి వస్తే తువ్వాలు ఇంకొకరికి ఇచ్చాకే లేవాలి. నీళ్ల పక్కనైతే ఒక్కొక్కరికి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువైతే ఎంత మంచివాళ్లకైనా ధ్యాస మళ్లుతుంది. పదేళ్ల పిల్లలు మేం చూస్తాం మేం చూస్తాం అని ముందుకొస్తారు, వాళ్లని పాపతో ఆడనివ్వండి, తువ్వాలు మాత్రం పెద్దవాళ్ల భుజానే ఉండాలి. మొదట్లో నవ్వుతారు, "ఏంటమ్మా ఈ డ్యూటీలు" అంటారు, అననివ్వండి. ఒక పూట గడిచేసరికి అలవాటైపోతుంది. పైగా తువ్వాలు మీ భుజాన లేనప్పుడు మీరు నిజంగా తీరిగ్గా కూర్చోవచ్చు, ఇప్పుడైతే పాప ఎవరి ఒళ్లో ఉన్నా మీ కళ్లు అటే ఉంటాయి కదా.

ఇక నీళ్లు. రెండు అంగుళాల లోతు నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగిపోతారు. తల బరువెక్కువ, ముందుకి పడితే ముఖం పైకెత్తుకోలేరు, పైగా అరుపూ ఉండదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడూ పెద్దగా ఉండదు. "ఏదైనా అయితే వినపడుతుందిలే" అనే ధీమా ఎవరికైనా ఉంటే ముందు అది పోగొట్టండి. గట్టున ఉన్నంతసేపు తువ్వాలు వేసుకున్న మనిషి పాపకి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి.

కొండ సరస్సుల్లో ఇంకో చిక్కుంది. చాలావాటికి నీళ్లు మంచు కరిగి వస్తాయి, కాబట్టి పైన ఎండ కాస్తున్నా నీళ్లు ఎండాకాలంలో కూడా 15 డిగ్రీల లోపు ఉండటం మామూలే. పసిపిల్లల ఈత కొలనులు 32 డిగ్రీల దగ్గర ఉంచుతారు, తేడా చూడండి. బరువుతో పోలిస్తే పాపల ఒంటి చర్మం మనకంటే ఎక్కువ, అందుకే మనకి "అబ్బ, చల్లగా ఉంది" అనిపించేలోపే వాళ్ల ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకని సరస్సులో ముంచడం, నడుం దాకా దించి ఫోటోలు తీయడం వద్దే వద్దు. పాపకి నీళ్లతో ఆడటం ఇష్టమైతే గట్టుమీదే ఒక టబ్బులో నాలుగు వేళ్ల లోతు గోరువెచ్చని నీళ్లు పోసి కూర్చోబెట్టండి, ఒక చెయ్యి ఎప్పుడూ పాప మీద ఉంచండి, అయిపోగానే టబ్బు బోర్లించేయండి. నీళ్లమీద పచ్చటి తెట్టె, పెయింట్ ఒలికినట్టు కనిపిస్తే ఆ వైపుకే వెళ్లకండి, పెద్ద పిల్లల్ని కూడా దిగనివ్వకండి, కొన్నిరకాల నాచు విషం లాంటిది.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. పాప తనంతట తాను నీళ్లలో పడటమే కాదు, పాపని ఎత్తుకున్న మనిషి జారటం కూడా జరుగుతుంది. గట్టున రాళ్లు పైకి పొడిగా కనిపించినా నీటి అంచున నాచు పట్టి ఉంటాయి. ఒక చేత్తో పాప, ఇంకో చేతిలో ఫోను, కాళ్లకి చెప్పులు, అడుగేసేది ఎక్కడో కనపడదు ఎందుకంటే పాప ఒళ్లే అడ్డం. ఇలాంటి సరస్సుల్లో చాలాచోట్ల గట్టు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది కూడా. పాపని ఎత్తుకుని తడి రాళ్లమీదకి, చెక్క వంతెన చివరిదాకా ఎవరూ వెళ్లకూడదని ముందే అనేసుకోండి. ఫోటో రెండడుగులు వెనకనుంచి తీసినా సరస్సు పడుతుంది.

పడవ సంగతి సూటిగా చెప్తాను, వద్దు. పసిపిల్లల లైఫ్ జాకెట్లు మామూలుగా 8 కిలోలు దాటిన పిల్లలకే సరిగ్గా పట్టి ఉంటాయి, మీ పాప ఏడున్నర. సరైన జాకెట్ అంటే తలని నీళ్లపైకి ఎత్తిపట్టే కాలర్, కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ, పట్టుకుని లాగడానికి వెనక పిడి, ఈ మూడూ ఉండాలి, పైగా ఒంటికి బిగుతుగా ఉండాలి. అద్దె పడవల దగ్గర ఇచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ల సైజువి, వాటిలోంచి పాప జారిపోతుంది. ఒళ్లో గట్టిగా పట్టుకుంటాం అంటారు, పడవ ఒరిగితే ఆ పట్టుకున్న మనిషే నీళ్లలో ఉంటారు. పాపని బేబీ క్యారియర్‌లో మీ ఒంటికి కట్టుకుని పడవెక్కడం ఇంకా ప్రమాదం. బావగారిని నొప్పించకుండా దీనికో దారి ఉంది, పడవని గట్టుమీదకి పూర్తిగా లాగి పెట్టమనండి, అందులో పాపతో అందరూ కూర్చోండి, వెనక సరస్సు వచ్చేలా ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. ఆ తర్వాత మీవారు తువ్వాలు వేసుకుని గట్టున ఉంటారు, మీరు వెళ్లి పడవలో తిరిగి రండి. ఇది మాత్రం తప్పకుండా చేయండి. పాపకి పడవ వద్దంటే తల్లికి కూడా వద్దని ఎవరూ అనలేదు.

ఎత్తు గురించి మీరు భయపడుతున్నంత లేదు గానీ, తేలిగ్గా తీసుకునేంత కూడా కాదు. 2,400 మీటర్ల దగ్గర ప్రతి శ్వాసతో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడొంతులే. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా 2,500 దాటాక మొదలవుతుంది, కొందరికి ముందే రావొచ్చు. పెద్దవాళ్లు తలనొప్పి, వికారం అని నోటితో చెప్తారు. పాప చెప్పలేదు కదా, అందుకే పైకి చేరిన పన్నెండు గంటల్లో తన తీరు గమనించండి. పాలు వద్దనడం, వాంతులు, ఎత్తుకున్నా ఆగని చిరాకు, నిద్ర పట్టకపోవడం. వీటిలో ఏదైనా ప్రయాణం బడలిక వల్ల కూడా కావచ్చు, నిజమే, కానీ తేలనప్పుడు ఎత్తు వల్లే అనుకుని జాగ్రత్తపడటం మేలు. ఆ రోజుకి ఇంకా పైకి వెళ్లే షికార్లు మానేసి విశ్రాంతి ఇవ్వండి, తగ్గకపోయినా పెరిగినా కిందికి దిగిపోండి. ఊపిరి వేగంగా, ఎగశ్వాసలా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు దిగుతూ ఆస్పత్రికి వెళ్లాలి. అంటే అర్ధరాత్రి కారు నడపగలిగిన మనిషి ఒకరు కావాలి. పాతిక మంది చాలా రోజులకి కలిస్తే రాత్రిళ్లు మగవాళ్లు గ్లాసులు పట్టుకోవడం సహజం కాబట్టి, ఏ రాత్రి ఎవరు తాగకుండా ఉంటారో, ఏ కారు బయటికి తీయడానికి వీలుగా పెడతారో ముందే అనుకోండి. దగ్గర్లోని ఆస్పత్రి ఎంత దూరం, ఆ ఇంటి దగ్గర ఫోన్ సిగ్నల్ ఉంటుందా అన్నది ఇప్పుడే ఇంటివాళ్లకి ఫోన్ చేసి అడగండి.

బయల్దేరే వారం ముందు పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించి, ఎంత ఎత్తుకి, ఎన్నిరోజులు వెళ్తున్నారో చెప్పండి. జ్వరం మందు మోతాదు ఇప్పటి బరువుకి ఎంతో రాయించుకోండి, నెలల పిల్లలకి బరువు మారితే మోతాదు మారుతుంది. పాప నెలలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినా, గుండెలో మామూలుగా ఉండని చప్పుడు (మర్మర్) ఉందని డాక్టర్ ఎప్పుడైనా అన్నా, ఆ మాట తప్పకుండా చెప్పండి, అప్పుడు వెళ్లాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. బయల్దేరే ముందురోజు పాపకి జలుబు, దగ్గు, చెవిపోటు ఉంటే ప్రయాణం ఆపేయండి. ఊపిరితిత్తులకి జబ్బు చేసి ఉన్నప్పుడు ఎత్తుకి వెళ్లడం నిజంగా ప్రమాదం. ఇక్కడ మొహమాటానికి తావు లేదు.

ఏడెనిమిది గంటలు ఒకేరోజు లాగొద్దు. దారిలో వెయ్యి, పదిహేను వందల మీటర్ల ఎత్తులో ఒక రాత్రి ఆగితే పాప ఒళ్లు ఎత్తుకి కాస్త అలవాటు పడుతుంది, మీరు కూడా మర్నాడు మధ్యాహ్నానికల్లా పైకి చేరి, వెలుతురుండగానే ఇల్లంతా చూసుకోవచ్చు. పాపని కారు సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా పట్టీలు వేసి కూర్చోబెట్టాలి. ఘాట్ రోడ్డులో ఏడుస్తోందని ఒళ్లోకి తీసుకోకండి, సడన్ బ్రేక్ పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా పిల్ల చేతుల్లో నిలవదు. రెండు గంటలకోసారి ఆగి బయటికి తీసి, పాలిచ్చి, కాసేపు చాప మీద దొర్లనివ్వండి. మలుపులు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ, మింగితే సర్దుకుంటుంది, కాబట్టి తిరుగు ప్రయాణంలో దిగే దారిలో రెండుసార్లు ఆగి పాలివ్వండి. నిద్రపోతుందని జలుబు సిరప్ ఒక చుక్క వేయమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వేయకండి. మత్తిచ్చే మందులు ఆ వయసు పిల్లల ఊపిరిని మందగింపజేస్తాయి, ఎత్తులో అది ఇంకా చెడ్డది.

చలి, ఎండ రెండూ ఒకేసారి ఉండటం అక్కడి తంటా. ప్రతి వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది, అంటే మీ ఊరికీ అక్కడికీ 15 డిగ్రీల తేడా. అదే వెయ్యి మీటర్లకి అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. గాలి చల్లగా తగులుతుంటే ఎండ కాలుస్తోందని ఎవరికీ గుర్తుండదు, సాయంత్రానికి పాప బుగ్గలు కందిపోయాక చూస్తారు. పది నుంచి నాలుగు దాకా నీడలోనే ఉంచండి, అంచు వెడల్పున్న టోపీ పెట్టండి, 6 నెలలు దాటింది కాబట్టి బట్టలు కప్పని చోట పసిపిల్లల సన్‌స్క్రీన్ రాయొచ్చు. చలికి మీరు వేసుకున్నవాటి కంటే ఒక్క పొర ఎక్కువ వేస్తే సరిపోతుంది. చేతులు చల్లగా ఉన్నాయని అందరూ అంటారు, పసిపిల్లల చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి, మెడ వెనక వేలు పెట్టి చూడండి, అక్కడ వెచ్చగా పొడిగా ఉంటే పాప బాగున్నట్టే, చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి.

డబ్బా పాలు కూడా ఇస్తుంటే, అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి బుడగలు వచ్చాక మూడు నిమిషాలు మరగనివ్వండి. కలిపిన పాలు రెండు గంటల్లోపు, నోరు పెట్టాక గంటలోపు వాడేయాలి. మిగిలినవి దాచొద్దు.

రాత్రిళ్లు మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. పాప అత్తయ్యగారి పక్కన పడుకోవడం వద్దు, ఆవిడ మీద నమ్మకం లేక కాదు. బరువైన రజాయిలు, మెత్తటి పరుపు, అలవాటులేని మంచం, రోజంతా తిరిగి ఒళ్లు తెలియని నిద్ర, వీటి మధ్య 8 నెలల పాప ముఖం మీదకి దుప్పటి వచ్చినా ఎవరికీ తెలియదు. మడిచే బేబీ మంచం మీతో తీసుకెళ్లండి, గట్టి పరుపు, దానిమీద బిగుతుగా పరిచిన దుప్పటి, దిండ్లూ బొమ్మలూ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టండి, కప్పడానికి బదులు స్లీపింగ్ సాక్ (ఒంటికి తొడిగే సంచిలాంటి దుప్పటి) వేయండి, మీ మంచం పక్కనే ఉంచుకోండి. గదిలో టోపీ తీసేయండి. ఇంకొకటి, ఇది ప్రాణాలకి సంబంధించినది. చలికి ఎవరైనా బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ హీటర్ గానీ గదిలో పెట్టి తలుపులు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే మనుషులు పోతారు. పాప గదిలోనే కాదు, ఆ ఇళ్లలో ఏ గదిలోనూ నిప్పు పెట్టి పడుకోనివ్వకండి. కరెంటు హీటర్ ఉందా అని ఇంటివాళ్లని ముందే అడగండి.

చేరిన రోజు సామాను సర్దేముందు మీరూ మీవారూ నేలమీద మోకాళ్ల మీద పాకుతూ గదులన్నీ ఒకసారి తిరగండి. నిలబడితే కనపడనివి అప్పుడు కనపడతాయి, సోఫా కింద నాణెం, వేలాడుతున్న వైరు, టీ కప్పు పెట్టే పొట్టి బల్ల, రిమోట్‌లోంచి ఊడి పడ్డ బటన్ బ్యాటరీ. అన్నిటికంటే ఎక్కువగా చూడాల్సింది పెద్దవాళ్ల మాత్రలు. బీపీవి, షుగర్‌వి దిండు కింద, సంచి జేబులో ఉంటాయి, ఒక్క మాత్ర చాలు పాపకి. అందరి మందులూ ఒక పెట్టెలో వేసి పైన అలమరాలో పెట్టమని అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇప్పుడు మనుషుల సంగతి, మీకు ఎక్కువ నలిగేది ఇదేనని అనిపిస్తోంది. 8 నెలల వయసులో కొత్తవాళ్లని చూసి ఏడవడం మామూలు విషయం. పెంపకంలో లోపమూ కాదు, "తల్లి అతుక్కుపోయేలా చేసింది" అనడానికీ లేదు. దగ్గర్నుంచి చూడండి ఎప్పుడైనా, కొత్తమనిషి చేతులు చాపగానే పాప వెంటనే ఏడవదు. ముందు ఆ ముఖం వంక చూస్తుంది, తర్వాత తిరిగి మీ ముఖం వంక చూస్తుంది, కింది పెదవి మెల్లగా బయటికి వస్తుంది, అప్పుడు మొదలవుతుంది. ఆ మధ్యలో ఉన్న రెండు క్షణాలే మీకు అవకాశం. మీ ముఖం బిగుసుకుపోయి ఉంటే పాపకి జవాబు దొరికిపోతుంది, మీరు నవ్వుతూ అవతలివాళ్లతో మాట్లాడుతుంటే ఇంకాసేపు చూస్తుంది. అందుకే వచ్చినవాళ్లని ఎత్తుకోవద్దని కాకుండా "పక్కన కూర్చోండి పిన్నీ, అదే మీ దగ్గరికి వస్తుంది" అనండి. పాప మీ ఒళ్లోనే ఉంటుంది, వాళ్లు కింద కూర్చుని ఒక గిన్నె, గరిటె మోగిస్తారు, పది నిమిషాల్లో తనే చెయ్యి చాపుతుంది. పాతిక మంది చేతులు ఒకదాని తర్వాత ఒకటి మారితే ఏ పిల్లకైనా పిచ్చెక్కుతుంది. మొదటిరోజు ఇద్దరు ముగ్గురు చాలు. మధ్యాహ్నం నిద్ర వేళకి గది తలుపు వేసేయండి, ఎవరు వచ్చినా తీయకండి.

ముద్దులు పెట్టొద్దని, చేతులు కడుక్కుని ఎత్తుకోమని చెప్పడం అతి జాగ్రత్త కాదు. తట్టు టీకా చాలాచోట్ల 9 నెలలకో, 12 నెలలకో వేస్తారు, మీ పాపకి ఇంకా పడి ఉండకపోవచ్చు. దగ్గుతున్నవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు, పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు దూరంగా ఉండాల్సిందే, వాళ్లు ఎంత దగ్గరి చుట్టమైనా సరే. తిండి విషయంలో ఒకే రూలు పెట్టండి, పాప నోట్లోకి వెళ్లేది అమ్మో నాన్నో పెట్టిందే అయ్యుండాలి. ఏడాది నిండేదాకా తేనె ఒక్క చుక్క కూడా వద్దు, అందులో ఉండగల సూక్ష్మక్రిములు పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తాయి, నాలిక్కి రాసే పెద్దవాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు. గింజలు, గుండ్రటి పండ్ల ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి, పిల్లలు ప్రేమగా తెచ్చి పెట్టేవి ఎక్కువ అవే.

అత్తయ్యగారికి రాత్రి కాదన్నప్పుడు ఆవిడకి దాని బదులు ఏదైనా ఇవ్వండి, ఊరికే కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. నా సలహా, తెల్లారుజాము ఇవ్వండి. పాపలు ఎలాగూ ఐదున్నర, ఆరుకల్లా లేస్తారు, పెద్దావిడ కూడా ఆ వేళకే లేస్తారు. పాలిచ్చి, డైపర్ మార్చి, ఎర్ర తువ్వాలు ఆవిడ భుజాన వేసి, నీళ్లవైపు కాకుండా ఇంట్లోనో వరండాలోనో ఉండమని చెప్పి, మీరు మళ్లీ వెళ్లి ఎనిమిదింటిదాకా పడుకోండి. జనం ఎవరూ లేవకముందు మనవరాలితో రెండు గంటలు ఒంటరిగా గడపడం ఆవిడకి రాత్రి పక్కన పడుకోబెట్టుకోవడం కంటే ఎక్కువ ఆనందం ఇస్తుంది, మీ నిద్ర సమస్య కూడా సగం తీరుతుంది.

ఇవన్నీ చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. వాళ్లు ఆయన మనుషులు, కోడలు చెప్తే కండిషన్లు అంటారు, కొడుకు చెప్తే సరేరా అంటారు. అక్కడికి వెళ్లాక ఒక్కొక్కటీ కాదనడం కంటే బయల్దేరడానికి వారం ముందే ఆయన చేత అందరి గ్రూపులో ఒక మెసేజ్ పెట్టించండి. ఇంచుమించు ఇలా రాయమనండి: "అందర్నీ చూడాలని మాకు చాలా ఆత్రంగా ఉంది. పాప ఇప్పుడు పాకుతోంది, నీళ్ల పక్కన ఉంటాం కాబట్టి పాపని చూసుకోవడానికి ఒక ఎర్ర తువ్వాలు పెడుతున్నాం, అది ఎవరి భుజాన ఉంటే ఆ కాసేపు వాళ్లే చూసుకోవాలి, అందరికీ వంతులు వస్తాయి. పడవలో తీసుకెళ్లం, పడవ ఒడ్డున పెట్టి ఫోటోలు దిగుదాం అన్నయ్యా. రాత్రి మా గదిలోనే పడుకుంటుంది, తెల్లారుజాము మాత్రం అమ్మదే. జలుబు ఉన్నవాళ్లు తగ్గాక ఎత్తుకోండి. పాపకి ఒంట్లో బాగోకపోతే మేము ముందే బయల్దేరిపోతాం, ఏమీ అనుకోవద్దు."

ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. మధ్యలో వెళ్లిపోవడానికి ముందే ఒప్పుకుని ఉంటే, ఆ అవసరం నిజంగా వస్తే రాత్రి పదింటికి పాతిక మంది ముందు మీరిద్దరూ వాదించుకోవాల్సిన పని ఉండదు.